మిరప కల్లంలో రెండో కంచం

కుళ్ళు పట్టలేక చేసిన ప్రయాణం ఇది. ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో మీరే కనిపెట్టి నవ్వుకునేకంటే అదే మర్యాద. కాశీకో కేదారానికో వెళ్ళొచ్చినవాళ్ళు పుణ్యం గురించి రాస్తారు. నేను వెళ్ళింది తిరువూరు. తిరిగొచ్చాక "ఎలా ఉంది ఊరు?" అని అడిగినవాళ్ళందరికీ ఎండ గురించి చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

నీరజా నేనూ హైదరాబాదులో ఒకే గదిలో అద్దెకుండి, ఒకే దర్శకుడి దగ్గర సహాయకులుగా పనిచేశాం. ఇద్దరికీ ఒకటే పిచ్చి, సైకలాజికల్ థ్రిల్లర్లు. అంటే చుక్క రక్తం లేకుండా భయపెట్టే సినిమాలు. తలుపు చాటున దయ్యం ఉండదు, తలుపు తీసే మనిషి బుర్రలోనే ఏదో ఉంటుంది. తెర మీద కనిపిస్తున్నది నిజమో ఆ పాత్ర ఊహో చివరిదాకా తేలదు. ఏ రీలులో ఏం దాచాలి, ఇంటర్వెల్‌కి ఎంత విప్పాలి, ప్రేక్షకుడు ఎవరిని అనుమానించేలా చేసి ఎవరిని బయటపెట్టాలి అని ఇద్దరం తిండి మానేసి వాదించుకునేవాళ్ళం. తరవాత నేను టీవీ సీరియళ్ళకి సంభాషణలు రాస్తూ ఉండిపోయాను. నీరజ వాళ్ళ ఊరి డబ్బుతో, వాళ్ళ ఊరి తోటల్లో ఒక థ్రిల్లర్ తీసింది. అది ఆడింది. థియేటర్లలో ఆడి, ఓటీటీలో ఇంకా ఎక్కువ ఆడింది. ఆ రోజు ఫోన్ చేసి "చాలా గర్వంగా ఉందే నీరజా" అన్నాను. ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే కట్టెయ్యకుండా చూస్తూ నిలబడ్డాను.

ఈ మార్చిలో తనే ఫోన్ చేసింది.

"రెండో సినిమా కథ మా కల్లంలో చెప్తున్నానే నళినీ. నువ్వూ రా. నీ దగ్గర ఆ కిటికీ కథ ఉంది కదా, అదీ చెప్పు. సాంబయ్య బాబాయి ఈ ఏడు ఒక్క సినిమాకే పెట్టగలడు. ఏది బాగుంటే అది తీద్దాం."

ఎంత పెద్ద మనసో చూడండి. ఆ పెద్ద మనసు చూసే నాకు ఎక్కువ మండింది. గెలుపు ఖాయం అనుకున్నవాళ్ళే కదా ఎదుటివాళ్ళని అంత ధారాళంగా పోటీకి పిలుస్తారు! కానీ ఆ కిటికీ కథ నేను ఏళ్ళ తరబడి మోస్తున్నది. ఎంతోమంది నిర్మాతలకి చెప్పాను. ఈసారి కూడా పక్కన పడితే, ఇక సీరియళ్ళలో అత్తగార్లకి తిట్లు రాస్తూ నేనే అత్తగారి వయసుకి వచ్చేస్తాను. అందుకని బట్టలు సర్దుకున్నాను.

విజయవాడ బస్టాండు

ఆంధ్రాలో ఇప్పుడు ఆడవాళ్ళకి బస్సు ఉచితం. కండక్టరు ఒక్కొక్కరి ఆధార్ కార్డూ చూసి సున్నా టికెట్టు కొట్టి ఇస్తున్నాడు. నా కార్డు మీద హైదరాబాదు అడ్రసు ఉంది.

"మీకు పడదమ్మా. డబ్బులివ్వాలి."

"నేను పుట్టింది కాకినాడలోనేనండి."

"ఎక్కడ పుట్టారో కార్డు మీద ఉండదు కదమ్మా."

బస్సు నిండా ఆడవాళ్ళే ఉంటే వాళ్ళలో డబ్బు పెట్టి టికెట్టు కొన్నది నేనొక్కదాన్నే. నూటికి పైగానే అయింది. పక్క సీటులో కూర్చున్న ఆవిడ తన సున్నా టికెట్టుని రెండు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. నాకు దాని మీద కూడా అసూయ పుట్టింది. అలా శుభారంభం అయింది.

ఆవిడకి తిరువూరులో బట్టల కొట్టు ఉందట. ఇబ్రహీంపట్నం దాటగానే సంచీలోంచి చేగోడీలు తీసి నా చేతిలో పోసింది. వద్దంటే వినలేదు. ఎక్కడికి, ఎవరింటికి, పిల్లలెంతమంది అని మైలవరం వచ్చేలోగా అన్నీ రాబట్టింది. మా కాకినాడలో కూడా అడుగుతారు గానీ, ముందు కాసేపు వాతావరణం గురించి మాట్లాడి అడుగుతారు.

"నీరజ వాళ్ళింటికా! సినిమా తీసిందే, ఆ నీరజేనా?"

"ఆ నీరజేనండి."

"అయ్యో, చెప్పరేంటండీ! అందులో మా కొట్టు కనపడుద్ది. ఆ పిల్లకి మతి చెడి బజారులో పరిగెత్తుద్ది చూశారా, వెనకాల ఉన్న బోర్డు మాదే. మూడుసార్లు చూశాం. చివరికి ఆ డాక్టరనేవాడే లేడంట, అంతా ఆ పిల్ల ఊహంట!"

వెనక సీటులో ఒకమ్మాయి "నేనింకా చూడలేదండీ" అంది. హైదరాబాదులో అయితే ఇక్కడ చిన్న గొడవే అయ్యేది. థ్రిల్లర్ చివర చెప్పెయ్యడం మా దగ్గర దొంగతనంతో సమానం. ఈవిడ మాత్రం వెనక్కి తిరిగి, "చూడలేదా? అయితే ఇప్పుడు చూడమ్మా. చివర తెలిస్తేనే కదా ఎక్కడెక్కడ మోసం చేశారో పట్టుకోవచ్చు" అంది. ఆ అమ్మాయి కూడా సరేనని తలూపింది. తిరువూరులో నీరజ సినిమాని అందరూ అలాగే చూశారట. ముందు చివర తెలుసుకుని, తరవాత టికెట్టు కొని, డాక్టరు కనిపించిన ప్రతిసారీ "అదిగో, ఎవరూ వాడితో మాట్లాడరు చూడు, కాఫీ కప్పు ఒక్కటే ఉంది చూడు" అని ఒకరికొకరు చూపించుకున్నారట. దాచిన గుర్తుల్ని ఇంత శ్రద్ధగా వెతికే ప్రేక్షకులు ఒక రచయితకి దొరకడం మామూలు అదృష్టం కాదు. నా సీరియలు గురించి చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికి నిద్రపోయింది.

తిరువూరు

బస్టాండు బయట ఎండ పచ్చి మామిడికాయల వాసనేస్తోంది. పిందెలు ఇంకా కాయలవుతున్న రోజులు, అయినా కొట్ల ముందు గంపల్లో దించేశారు. ఆకలికి ఒక బండి దగ్గర పునుగులు తిన్నాను. ముప్ఫై రూపాయలకి ప్లేటు నిండా పోసి, అల్లం పచ్చడి విడిగా గిన్నెలో ఇచ్చాడు. హైదరాబాదులో ఆ డబ్బుకి పునుగుల ఫోటో ఇస్తారు. అవి బాగున్నాయని ఒప్పుకోవాలనిపించలేదు. ఈ ఊళ్ళో ప్రతిదీ బాగుంటే ఇక నేను దేన్ని పట్టుకుని తృప్తిపడాలి?

నీరజ మోటారుసైకిలు మీద వచ్చింది. ఎండకి నల్లబడింది, చిక్కింది, అందంగా ఉంది. నన్ను చూడగానే నడిరోడ్డు మీద కావలించుకుంది. అటూ ఇటూ వెళ్ళేవాళ్ళు ఆమెని పేరు పెట్టి పలకరిస్తున్నారు. ఎరువుల కొట్టాయన ఆపి, "అమ్మాయ్, ఈసారన్నా కొంచెం నవ్వుకునే సినిమా తియ్యి. మా ఆవిడ నీ సినిమా చూసొచ్చిన కాడ్నించీ నేను మంచినీళ్ళిచ్చినా అనుమానంగా చూస్తంది" అన్నాడు. నీరజ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరైనా భర్త నా సంభాషణల వల్ల ఇంట్లో ఇబ్బంది పడ్డాడేమో అని బండి మీద దారంతా ఆలోచించాను. ఒక్కడూ తట్టలేదు.

పెనుగొలను, కల్లం

తిరువూరు దగ్గరి పెనుగొలను నీరజ వాళ్ళ ఊరు. మర్నాడు పొద్దున్నే అక్కడి కల్లానికి వెళ్ళాం. ఊరి బయట చదును చేసిన నేల మీద పట్టాలు పరిచి ఎండు మిరపకాయలు ఎర్రగా కుప్ప పోశారు. రేకుల పందిరి కింద ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఒక్కొక్క కాయకీ తొడిమ తీసి, తెల్లబడిన తాలుకాయల్ని పక్కకి వేస్తున్నారు. అందరికీ ముక్కులకి గుడ్డలు కట్టి ఉన్నాయి. నేను అడుగు పెట్టగానే మొదలైన తుమ్ములు చాలాసేపటికి గానీ ఆగలేదు. వాళ్ళ మేస్త్రి మరియమ్మ, యాభై దాటిన మనిషి, తన దగ్గరున్న ఇంకో గుడ్డ నాకు విసిరి "కట్టుకోండమ్మా, మా సినిమా మీ తుమ్ముల్తో సరిపోయేట్టుంది" అంది.

నీరజ కథ చెప్పేది వీళ్ళకేనట. మొదటి సినిమా కూడా ఈ పందిరి కిందే చెప్పి చెప్పి సరిచేసుకుందట. నాకు చెవిలో కిటుకు చెప్పింది.

"ముఖాలు చూడకు. ముఖాలు మర్యాదకి ఊఁ కొడతాయి. చేతులు చూడు. కథ పట్టుకుంటే తొడిమ తీసే చెయ్యి ఆగిపోద్ది. ఆగలేదంటే ఆ సీను కొట్టెయ్యాలి."

డబ్బు పెట్టే సాంబయ్య బాబాయి, అంటే ఆ మిరపకాయల ఆసామి, మూలన ప్లాస్టిక్ కుర్చీలో దిగులుగా కూర్చుని ఉన్నాడు. నేను నమస్కారం పెట్టగానే గోడు వెళ్ళబోసుకున్నాడు.

"నా కష్టం ఎవరికి చెప్పుకోనమ్మా? కథ బాగుంటే నా పని ఆగిపోద్ది. బాగోకపోతే నా సినిమా పోద్ది."

నీరజ ఒక బస్తా మీద కూర్చుని మొదలుపెట్టింది. మామిడితోటలో ఒంటరి ఇల్లు. పావని అనే కొత్త పెళ్ళికూతురు. పావని బడిలో టీచరు, భర్త వ్యాపారం పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. పావనికి ఒక అక్క ఉండేదని, చిన్నప్పుడే పిల్లల్లేని పెద్దమ్మకి పెంపకానికి ఇచ్చేశారని ఒక్క మాటలో చెప్పి దాటేసింది. రోజూ సాయంత్రం పావని బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో రెండో కంచం కడిగి బోర్లించి ఉంటుంది. తడిగా ఉంటుంది. పొద్దున వండి వెళ్ళిన అన్నంలో ఒక మనిషి తిన్నంత తగ్గి ఉంటుంది. భర్తని అడిగితే "నువ్వే తిని మర్చిపోయుంటావు" అంటాడు. చివరికి ఫోను కెమెరా దాచిపెట్టి వీడియో తీస్తుంది. వీడియోలో పావని చీర కట్టుకున్న ఒకామె వీపు కనిపిస్తుంది, తింటూ. నేనే తింటున్నానా, నాకే తెలియడం లేదా? అక్కడ ఇంటర్వెల్.

పందిరి కింద అన్ని చేతులూ ఆగిపోయాయి. ఒకామె వేళ్ళ మధ్య కాయ అలాగే ఉండిపోయింది. బాబాయి అరచేత్తో తల పట్టుకున్నాడు. అది నిజంగా బాగుంది. దయ్యం అన్న మాట రాలేదు, చప్పుడు లేదు, ఒక తడి కంచంతో అంతమందిని కూర్చోబెట్టేసింది.

అయితే రెండో సగం మొదలవగానే చేతులు కదిలాయి. భర్త మీద అనుమానం, పొలం కాగితాలు, మాత్రలు. దుర్గ అనే చలాకీ పిల్ల, పెళ్ళయి ఏడాది కూడా అయినట్టు లేదు, పని ఆపకుండానే "మొగుడేలే అక్కా" అంది. "అంత నెమ్మదిగా మాట్లాడేవాడు మంచోడెట్టా అవుతాడు?" అంది ఇంకొకామె. నీరజ చివరిదాకా చెప్పింది. తొడిమలు టకటకా తెగిపోతూనే ఉన్నాయి. బాబాయి ముఖం ఆ రోజు మొదటిసారి విప్పారింది. నాకూ లోపల పండగలా ఉంది.

గంపలగూడెం

సాయంత్రం బాబాయికి పురుగుమందు కొనడానికి గంపలగూడెం వెళ్తూ నీరజ నన్నూ తీసుకెళ్ళింది. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాం. టీ పది రూపాయలు, గాజు గ్లాసులో, చిక్కగా.

"రెండో సగం పడుకుంది కదే" అంది నీరజ.

"ఏం లేదు, బాగానే ఉంది" అన్నాను.

లోపం ఎక్కడుందో నాకు స్పష్టంగా తెలుసు. ఇలాంటి కథలో అనుమానం పంచుకోవడానికి కనీసం ముగ్గురుండాలి. నీరజ కథలో ఉన్నది పావని, భర్త. పావని కాదంటే భర్త, అంతే. ప్రేక్షకుడికి పోవడానికి ఇంకో దారి లేదు. పాత రోజుల్లో అయితే ఈ మాట ఆమె అడక్కముందే అరిచి చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పలేదు. ఉన్నది ఒక్క సినిమాకి డబ్బు. నా కిటికీ కథ రేపు చెప్పాలి. నేనెందుకు చెప్పాలి?

ఆలోచిస్తూ కళ్ళు నులుముకున్నాను. పొద్దుటి నుంచీ ఊరికే కూర్చోలేక నేను కూడా తొడిమలు తీశానన్న సంగతి మర్చిపోయాను. మిరపకాయ చేతులు! రెండు కళ్ళూ భగ్గుమన్నాయి. కేకలు పెట్టాను. నీరజ నా తల వంచి బక్కెట్లో నీళ్ళు ముఖాన కొడుతోంది. టీ కొట్టాయన ఎవరో పోయారనుకున్నాడు.

"ఊరుకోమ్మా, ఎవరికైనా తప్పదు" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

కళ్ళు ఎర్రగా వాచిపోయి ఇల్లు చేరితే, నీరజ పిన్ని మజ్జిగలో గుడ్డ తడిపి కళ్ళ మీద వేసి పడుకోబెట్టింది. అన్నం కలిపి తనే తినిపించింది. మామిడికాయ పప్పు. మా వైపు పప్పులో బెల్లం ముక్క వేస్తాం, వీళ్ళు వెయ్యరు. పులుపు నషాళానికి అంటింది. పక్కనే కూర్చుని నీరజ నా తల నిమురుతోంది. నేను కొంచెంసేపు ఏడ్చాను. మిరపకాయ వల్లే అనుకున్నారు, నేనూ అలాగే అనుకోనిచ్చాను. ఇంత ప్రేమగా చూసే ఇల్లు ఉన్నవాళ్ళకి ధైర్యంగా సినిమాలు తియ్యడం ఏమంత గొప్ప అని మాత్రం అనుకున్నాను.

మళ్ళీ కల్లం

మర్నాడు నా వంతు. నిన్నటి పెద్ద కుప్ప దాదాపు అడుగంటింది. నీరజ పొద్దున ఏదో పని మీద తిరువూరు వెళ్ళింది, మధ్యలో వస్తానంది. పోనీలే, లేకపోతేనే నాకు నయం. గుడ్డ కట్టుకుని బస్తా మీద కూర్చున్నాను.

థ్రిల్లర్‌ని నోటితో చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. తెర మీద అబద్ధం ఆడటం తేలిక, కెమెరా పాత్ర కళ్ళతో చూపించి ఊరుకుంటుంది, మనం నమ్మేస్తాం. ఎదురుగా మనిషి కూర్చుని అడిగితే తప్పించుకోవడం కష్టం.

నా కథలో యామిని ఒంటరిది. మేడ మీద గదిలో అద్దెకుంటుంది. కిటికీలోంచి ఎదురింటిని చూస్తూ ఉంటుంది. ఆ ఇంట్లో ఒకావిడ, ఆవిడ సంసారం, ఆవిడ చీరలు, ఆవిడ నవ్వులు. అవన్నీ తనకి రావలసినవని యామినికి అనిపిస్తుంది. ఆవిడ బయటికి వెళ్ళినప్పుడు పూలకుండీ కింద దాచిన తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్తుంది. ఆవిడ కుర్చీలో కూర్చుంటుంది. చివర్లో తేలేదేమిటంటే, ఎదురుగా ఇల్లే లేదు. ఖాళీ స్థలం. అంతా యామిని ఊహ. కాగితం మీద చదివితే ఒళ్ళు జలదరిస్తుంది, నా మాట నమ్మండి.

మొదటి నాలుగు మాటలు చెప్పానో లేదో మరియమ్మ ఆపింది.

"ఆ ఇల్లు నిజంగా ఉందా అమ్మా, ఈమెకి కనపడతందా?"

ఉందంటే అబద్ధం. లేదంటే కథే అయిపోయింది. "చెప్తాను కదా, వినండి" అని నీళ్ళు నమిలాను. చేతులు టకటకా ఆడుతూనే ఉన్నాయి. ఎవరో పక్కూరి పెళ్ళి భోజనాల గురించి మొదలుపెట్టారు. బాబాయి ముఖం కళకళలాడుతోంది. హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చి ఆయన మిరపకాయల పని త్వరగా తెమల్చడానికి ఉపయోగపడుతున్నాను. అయినా ఆపకుండా, యామిని ఆ ఇంట్లోకి వెళ్ళి అన్నం పెట్టుకుని తిని కంచం కడిగి బోర్లించింది అన్నాను.

దుర్గ చెయ్యి ఆగింది.

"అయితే ఆ రెండో కంచం ఈవిడదా!"

"ఏ రెండో కంచం?"

"నిన్నటిది. పావని ఇంట్లో కంచం. తినిపోయేది ఈవిడేగా!"

"ఓసినీ! పెంపకానికిచ్చిన అక్క!" అంది మరియమ్మ. "అక్క గనకే ఎనక నించి చూస్తే పావని లాగుంది. చీర కూడా కట్టుకుంది!"

నాకు ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. బాబాయి కుర్చీలోంచి వంగి నెమ్మదిగా చెప్పాడు. "మా కల్లంలో ఒక కుప్పకి ఒకటే కథమ్మా. కుప్ప అయ్యేదాకా కొత్తది ఎత్తకూడదు. మా అమ్మ కాలం నించీ అంతే. నీరజ చెప్పలేదా?" చెప్పలేదు. మధ్యలో ఎవరు మాట్లాడినా, ఏ పేర్లు పెట్టినా, ఈ కుప్ప పూర్తయ్యేదాకా వాళ్ళకి అది నిన్నటి కథే. నేను చెబుతున్నది వాళ్ళు పావని కథకి రెండో సగంగా వింటున్నారు.

"కాదమ్మా, ఇది వేరే కథ" అనాలి. నోటిదాకా వచ్చింది. పందిరి కింద చూశాను. ఒక్క చెయ్యి కదలడం లేదు. గుడ్డల పైన అన్ని కళ్ళూ నా వైపే ఉన్నాయి. నా జీవితంలో ఎవరూ నా కథని అలా వినలేదు.

"అవును, పావని అక్కే" అన్నాను.

ఇక ఆగలేదు. ఏమేం చెప్పానో నాకే పూర్తిగా గుర్తులేదు. ఒకే కడుపున పుట్టి ఒకతె ఇంట్లో ఉండిపోయింది, ఒకతెని ఇచ్చేశారు. ఆ ఇంట్లో వండిన అన్నం మీద తనకీ హక్కుందని అక్క అనుకుంటుంది. చెల్లెలు తనకే పిచ్చెక్కుతోందని భయపడుతుంటే కిటికీలోంచి అక్క చూస్తుంటుంది. ఎవరిది నిజం, ఎవరిది ఊహ అన్న తిప్పలు నాకిప్పుడు లేవు. వినేవాళ్ళకి అంతా తెలుసు, పావనికి మాత్రమే తెలియదు. ఏళ్ళ తరబడి అన్నీ దాచి దాచి నా కథని చంపుకున్నానని, దాచిపెట్టేదానికంటే చూపించి ఊరుకున్నదే ఎక్కువ భయపెడుతుందని చెబుతూ చెబుతూ ఉంటే తెలిసింది. "ఆ పిల్లని ఎవరన్నా ఎనక్కి చూడమనండే!" అని ఒకామె నిజంగానే అరిచింది.

అప్పుడే పందిరి గుంజ దగ్గర నీరజ కనిపించింది. ఎప్పుడొచ్చిందో తెలియదు. హెల్మెట్టు చేతిలో ఉంది. ముఖం నెత్తురు చుక్క లేనట్టుంది, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. కుళ్ళు ఎలా ఉంటుందో అద్దంలో చూసుకున్నదాన్ని కాబట్టి ఇట్టే గుర్తుపట్టాను. ఆ సంతోషం ఎంతటిదో రాస్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు, అయినా రాస్తాను. నా పెళ్ళిలో కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆ హుషారులో పావనిని ఒక రోజు బడి నుంచి తొందరగా ఇంటికి పంపించేశాను. వంటింట్లో అక్క కంచం ముందు ఉంది. గడపలో చెల్లెలు. అక్క చేతికి ఉల్లిపాయలు కోసే కత్తి కూడా అందించాను.

"చంపుద్దా?" అంది మరియమ్మ, గొంతు బొంగురుగా.

చెప్పాలి. పట్టా మీద ఇంకొక్క దోసెడు కాయలే మిగిలాయి, ఎవరూ ముట్టుకోవడం లేదు. కుప్ప అయిపోతే కథ అయిపోవాలి కాబట్టి అలా ఉంచేశారు. చంపేస్తే మామూలు సినిమా అయిపోతుంది. పారిపోతే చప్పగా ఉంటుంది. కౌగిలించుకుని ఏడిస్తే నా సీరియలే. నాకు చివర తెలియదు.

గుంజ దగ్గర నుంచి నీరజ చెప్పింది.

"పావని ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి బడికి వెళ్ళిపోయింది. తలుపు కూడా వెయ్యలేదు. మర్నాడు పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందు, తనే రెండు కంచాలు పెట్టి వెళ్ళింది."

మరియమ్మ ముక్కు గుడ్డ విప్పి కళ్ళు తుడుచుకుంది.

"వచ్చి తిన్నదా మరి?"

"అది చెప్పను" అంది నీరజ.

"తినే ఉంటదిలే" అంటూ మరియమ్మ మిగిలిన కాయలు అందుకుంది. అందరూ తలా కాస్త తీసుకున్నారు. కుప్ప అయిపోయింది. బాబాయి లేచి పంచె దులుపుకుని, "ఇద్దరూ కలిసి రాయండి. ఇదొక్కటే తీద్దాం" అన్నాడు.

రెండో కంచం నాకే పెట్టిందని అర్థం చేసుకోలేనంత మొద్దునేమీ కాదు నేను. అర్థమైంది కాబట్టే ఒళ్ళు మండిపోయింది. ప్రేమగా పెట్టింది. పైగా అంత బాగా పెట్టింది. అక్క నాది, కత్తి నాది, ఆగిన చేతులన్నీ నావి. ఆ ఒక్క మాట నాకెందుకు రాలేదు?

తిరుగు బస్సు

నీరజ బస్టాండుకి వచ్చి దిగబెట్టింది. మామిడికాయలు ఒక సంచీ, తొడిమ తీసిన మిరపకాయలు ఒక సంచీ. చాలాసేపు ఇద్దరం బస్సు బోర్డులు చదువుతూ నిలబడ్డాం.

"నిన్న వాళ్ళ చేతులు అలా ఆగిపోతే నాకు నిన్ను అక్కడ్నించి లాగి పారెయ్యాలనిపించింది" అంది.

"చూశాను" అన్నాను.

"ఆ చివరి మాట నీదేనని చెప్తాలే అందరికీ. నాకేం కాదు."

"అక్కర్లేదు. నీది నీదే. అంతకంటే మంచి చివర నేను రాస్తాను."

"రాయి. నేను చచ్చేంత కుళ్ళుకోవాలి" అంది నీరజ. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. ఈసారి మిరపకాయల వల్ల కాదు.

మళ్ళీ డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చున్నాను. మైలవరం వచ్చేదాకా ఆలోచించాను, తట్టలేదు. విజయవాడలో దిగి రైలెక్కి ఆలోచించాను. ఇంటికొచ్చి ఆ మిరపకాయలతో కారం కొట్టించి, పచ్చడి పెట్టి, అది సగం తిన్నాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. వచ్చే నెల షూటింగు మొదలు. కథ కింద ఇద్దరి పేర్లూ వేస్తున్నారు. చివర నీరజదే ఉంది. దానికంటే మంచిది నాకు ఇంకా దొరకలేదు.